మా కాంటా మీద అతికిచ్చిన వాగ్దానం కార్డుకు

వాగ్దానం కార్డూ,

పరకాల రోడ్డు మీద పత్తి కాంటా పెట్టుకొని బతికే ఒక విశ్వాసి నీకు వందనాలు చెప్పి రాసేది ఏమనగా.

బాగున్నవనే అనుకుంట. బాగుండక నీకేమైతది? నీ మీద మంచుకొండలున్నయి, కొండల నడుమ జలపాతమున్నది, జలపాతం పక్కన ఒక గొర్రెపిల్ల, దాని కాళ్ల కింద మా వరంగల్ దిక్కు నేనెన్నడు చూడని పచ్చగడ్డి. కింద బంగారు రంగు అక్షరాలల్ల బైబిలు వాక్యం, ఏడాదికి దేవుడిచ్చే వాగ్దానమని. మే నెలల మా రేకుల షెడ్డు పెనం లెక్క కాలినప్పుడు గూడ నీ మంచు కరుగలే. నిన్ను చూసి కుళ్లుకున్న రోజులు గూడ ఉన్నయి.

ఈ నెల 31తోని నీ గడువు అయిపోతది. పోయే ముందు రెండు ముక్కలు మాట్లాడుకుందామని రాస్తున్న.

పోయినేడు డిసెంబరు 31 రాత్రి చర్చిల నువ్వు నా చేతికొచ్చినవ్, యాదున్నదా? చలికి నోట్లకెల్లి పొగలొస్తున్నయి. పన్నెండు కొట్టంగనే గుడి గంట మోగింది, పిలగాండ్లు బయట పటాకులు కాల్చిన్రు, అయ్యగారు పెద్ద ప్రార్థన చేసిండు. అటెన్క అసలు పని మొదలైంది. కానుకల పళ్లెంల తెల్లదస్తీ పరిచి మిమ్ములందర్ని బోర్లేసి పెట్టిన్రు. ప్రసంగంల కునికినోళ్లు గూడ లైన్ల మాత్రం కండ్లు తెరిచి నిలబడ్డరు. వంతు రాంగనే మళ్ల కండ్లు మూసుడు, పెదవులు కదిలిచ్చుకుంట పళ్లెం మీద చెయ్యి రెండు చుట్లు తిప్పుడు, ఒకటి తీసుడు. ఇదే పని బస్టాండు కాడ చిలక చేస్తే జోస్యమంటం. చిలకకు రెండు వడ్లగింజలన్న ఇస్తరు.

నా ముంగట ఒక అక్క నిలబడ్డది. కార్డు తీసి చదివి మొహం చిన్నగ చేసుకున్నది. "నా కృప నీకు చాలును" అని వచ్చిందట. ఆమె ఇల్లు కట్టవట్టి రెండేండ్లాయె, స్లాబు కాడ ఆగింది. కృప చాలుతది గని సిమెంటు చాలొద్దా? అటు ఇటు చూసి కార్డు పళ్లెంల ఏసి ఇంకోటి తీసింది. మొదటిసారి పరిశుద్ధాత్మకు పొరపాటైతే రెండోసారి అవకాశం ఇచ్చే పెద్దమనసు మా సంఘంల ఎప్పటిసంది ఉన్నది.

మా పిలగాడు ఇంటర్ రెండో సంవత్సరం. వానికి "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" వచ్చింది. ఆ రాత్రి సంది ఫిజిక్స్ పుస్తకం ముట్టలే. "సమస్తంల ఫిజిక్స్ లేదా నాన్నా?" అంటడు. ఆ మాట రాసింది యేసు సువార్త చాటిన పౌలు, రాసినప్పుడు జైలు బంధకాలల్ల ఉన్నడు. దాని ముంగటి వాక్యంలనే, కడుపు నిండుడు గూడ తెలుసు, ఆకలితోని ఉండుడు గూడ నేర్చుకున్న అని రాసుకున్నడు. అది నీ మీద పట్టదు. జలపాతానికి జాగ కావాలె.

ఇగ నాకు నువ్వొచ్చినవ్. ద్వితీయోపదేశకాండము 28:13. "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు." చదవంగనే ఒళ్లు జల్లుమన్నది. రెండో తారీఖు నాడే టేపు కొని, కాంటా మీద ఎర్ర అంకెలు కనబడే డబ్బా ఉంటది సూడు, దాని పైన గోడకు నిన్ను అతికిచ్చిన. బేరానికొచ్చిన ప్రతి రైతు ముందు అంకెను చూస్తడు, అంకె మీద నిన్ను చూస్తడు. కాంటాకు గూడ దేవుని పూచీ ఉన్నదనుకుంటడు. నువ్వు ఏమనలే. ఏడాది పొడుగూత నా తలకాయ మీద నిలబడి కండ్లు మూసుకున్నవ్.

నీకంటే ముందటేడు కార్డు గూడ తక్కువది కాదులే. యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అనేది. ఆ ధీమాతోనే అప్పు తెచ్చి రెండో కాంటా కొన్న. తర్వాత తెలిసింది, అది బబులోనుకు చెరపట్టుకపోయిన యూదులకు రాసిన ఉత్తరమట. పై వాక్యంలనే డెబ్బై ఏండ్లు పడతదని చెప్పి ఉన్నది. అప్పటిదాక ఇండ్లు కట్టుకోండ్రి, తోటలు పెట్టుకోండ్రి, మిమ్ముల చెరపట్టిన పట్నం కొరకే ప్రార్థన చెయ్యుండ్రి అన్నడు దేవుడు. అదే కాలంల హనన్యా అనేటాయన లేచి, డెబ్బై ఎందుకు, రెండేండ్లల్ల అంత సక్కగైతదని గుడిల నిలబడి చెప్పిండు. అప్పట్ల కార్డులు అచ్చేస్తే ఎవరివి అమ్ముడుపోతుండెనో నీకు నేను చెప్పాల్నా? ఆ ఏడే ఏడో నెలల ఆయన సచ్చిపోయిండు. బ్యాంకోళ్లకు డెబ్బై ఏండ్ల లెక్క చెప్పిన. ఒప్పుకోలే.

సరే, అసలు సంగతికొస్త. నవంబరుల ఒక అవ్వ వచ్చింది.

ట్రాలీ ఆటోల పత్తి బస్తాలేసుకొని వచ్చింది. మబ్బు పట్టి, ముసురు పడి పత్తి మెత్తబడ్డది. సర్కారు కొనుగోలు కేంద్రంల తేమ ఎనిమిది శాతముంటే పూర్తి ధర, పన్నెండు దాటితే తీసుకోరు. ఆమెది పద్నాలుగొచ్చిందట. ఆడికెల్లి తిరిగి నా దగ్గరికొచ్చింది. వచ్చినోళ్లకు ఇంకో దిక్కు లేదని తెలిసినప్పుడు మా అసొంటోళ్ల గొంతు ఎంత మెత్తగైతదో నీకు తెలుసు, నువ్వు పైకెల్లి వింటనే ఉంటవు. "కూసో అవ్వా, నీళ్లు తాగు" అన్న. కింట రేటు ఏడు వేలు చెప్పిన. తేమకని ముందే తగ్గిచ్చి చెప్పిన రేటు అది. బస్తాల బరువు వేరే తీసేసిన. అవన్ని అయినంక క్వింటాలుకు రెండు కిలోల తరుగు. ఎందుకంటే, అందరు తీస్తరు గనుక. ఇది మా లైన్ల పది ఆజ్ఞల తర్వాత పదకొండోది.

ఆమె కండ్లకు అంకెలు ఆనుతలేవు. అంకెల మీది బొమ్మ మాత్రం ఆనింది.

"గా కాయిదం మీద ఏం రాసున్నది బిడ్డా? బొమ్మ మంచిగున్నది."

సువార్త చెప్పే సందు దొరికిందని నాకు సంబురమైంది. గొంతు సవరిచ్చుకొని చదివిన. అర్థం గూడ చెప్పిన. "దేవుడు నన్ను తలకాయ చేస్తడట అవ్వా, తోక చెయ్యడట."

అవ్వ కొంగుకు అంటుకున్న పత్తి పోగులు ఒక్కొక్కటే ఏరి, మళ్ల బస్తాల ఏసుకుంట జరసేపు ఆలోచన చేసింది.

"మంచిదే. మరి తోక ఎవలు బిడ్డా?"

ఎగతాళికి అనలే. మీ ఇంట్ల ఎంతమందని అడిగినట్టే అడిగింది. తలకాయ ఉన్నదంటే దాని ఎన్క ఎవలో ఒకలు తోకై ఉంటరు గద, వాళ్లేమైతరు అన్నట్టు. మా హమాలీ ఫక్కున నవ్విండు. నా చేతుల చిట్టీ ఉన్నది. తూగింది నాలుగు క్వింటాళ్ల 61 కిలోలు. రాసింది నాలుగు క్వింటాళ్ల 52. తొమ్మిది కిలోలు, కిలోకు డెబ్బై, ఆరు వందల ముప్పై రూపాయలు. ఆమెకు జవాబు చెప్పలే. పైసలు లెక్కబెట్టి చేతుల పెట్టిన. దండం పెట్టి పోయింది.

ఆదివారం కానుకల సంచి నా ముంగటికి రాంగనే, ఆ వారం ఆమ్దానిల దశమభాగం కవరుల పెట్టి ఏసిన. ఆ ఆరు వందల ముప్పైల గూడ అరవై మూడు రూపాయలు దేవునికి ముట్టినయి. నా లెక్కల తప్పుంటదని ఎవ్వలన్నా అంటే నేనొప్పుకోను.

ఆ రాత్రి బైబిలు తీసి నీ అధ్యాయం మొత్తం చదివిన. ఇన్నేండ్ల విశ్వాసంల కార్డు చూసి అధ్యాయం తెరిచింది అదే మొదటిసారి, చెప్పనీకి సిగ్గయితున్నది. అరవై ఎనిమిది వాక్యాలు. మొదటి పద్నాలుగు దీవెనలు. పదిహేనో వాక్యం సంది శాపాలు, యాభై నాలుగు. దీవెనల మొదట్ల ఒక మాట ఉన్నది, ఆజ్ఞలు విని గైకొంటేనే అని. నీ పదమూడో వాక్యంల గూడ అదే మాట ఉన్నది. నిన్ను అచ్చేసినోళ్లు ఆ సగం కోసిపారేసి, మిగిలిన సగానికి మంచుకొండ పెట్టిన్రు. నేను పత్తిల చేసేది వాళ్లు వాక్యంల చేసిన్రు. తరుగు.

నొచ్చుకోకు. మీ వంశం పాతదే. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దుముకు, దూతలు పట్టుకుంటరని రాసుంది గద అని వాగ్దానం కార్డు చూపెట్టింది సాతాను. తొంభై ఒకటో కీర్తన. వాడు చదివింది గూడ తరుగు తీసినంకనే, "నీ మార్గములన్నిటిలో" అనే ముక్క వాడు మింగిండు. మీ కార్డులల్ల ఎక్కువ అమ్ముడుపొయ్యేటివాట్ల ఆ కీర్తన గూడ ఒకటని మా దుకాణపాయన చెప్పంగ విన్న.

మా నాయనమ్మకు కార్డు లేకుండె. చదువే లేదు, కార్డేం జేసుకుంటది. ఆమె పుట్టినూరు డోర్నకల్ దిక్కు. ఆడ అజరయ్య బిషప్ ఉండె, 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్. 1945 జనవరి ఒకటి నాడు పోయిండు, మేము లైన్లు కట్టి కార్డులు తీసే నాడే. ఆయన బాప్తిస్మం ఇచ్చినోళ్లతోని నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చి ఒక మాట చెప్పిచ్చేటోడు: నేను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడను, సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ. ఇగ చూడు, కూలోళ్లు, పాలేర్లు, ఊరి బయటి గుడిసెలోళ్లు, వాళ్ల చేతుల పెట్టిన వాగ్దానం ఏంది, "నాకు శ్రమ"! ఎవడన్న లైన్ల నిలబడి తీస్తడా గసొంటిది? కని 1930లల్ల ఆ కూలోళ్ల బతుకులు మారుడు చూసి, వాళ్లను గడప తొక్కనియ్యని కులాలోళ్లే చర్చికి వచ్చుడు మొదలువెట్టిన్రు. ఊరు తోకలన్నోళ్ల ఎన్క తలకాయలు నడిచినయి. ఈ ముచ్చట అవ్వకు చెప్పాల్సింది. అప్పుడు నాకు నోరు పెగలలే.

నాయనమ్మ రోజు పొయ్యి మీద ఎసరు పెట్టి, కడిగే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి కుండల ఏసేది, దేవునికని. బియ్యం తక్కువున్ననాడు గూడ. ముఖ్యంగ తక్కువున్ననాడు అని మా నాయన అంటుండె. ఏడాదికొకసారి కాదు, పూటపూటకు. అరణ్యంల దేవుడు ఆకాశం నుంచి కురిపిచ్చిన ఆహారం, మన్నా గూడ అట్లనే గద పడ్డది, మనిషికి ఓమెరు అనే కొలత చొప్పున, ఏనాటికానాడు. రేపటికని దాసిపెట్టినోళ్ల మన్నా పురుగు పట్టి కంపు కొట్టింది. ఏడాదికి సరిపోను ఒక్కసారే తెచ్చి గోడకు అతికిచ్చుకుందామనుకున్నోణ్ణి నేను. నువ్వు కంపు కొట్టలే, అట్టకు ప్లాస్టిక్ పూత ఉన్నది గనుక.

డిసెంబరు మొదటి వారంల అవ్వ మళ్ల వచ్చింది. రెండో ఏరు పత్తి. రెండు క్వింటాళ్ల 14 కిలోలు తూగింది, 14 రాసిన. రాసేటప్పుడు చెయ్యి ఆగింది, అబద్ధమెందుకు. హమాలీ నా మొహం దిక్కు చూసిండు, జరమొచ్చిందనుకున్నడు. అటెన్క దాని కింద ఇంకో తొమ్మిది కిలోలు కలిపిన.

"ఇదేంది బిడ్డా, ఎక్కువిచ్చినవ్?"

"పోయినసారి తొమ్మిది కిలోలు రాసుడు మరిసిన అవ్వా."

నోట్లు కొంగున ముడేసుకుంట అన్నది: "మరిసినవా? నాకు యాదికున్నది."

అంతే అన్నది. ఆటో ఎక్కి పోయింది.

అన్యాయంగ తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తనని సుంకం వసూలు చేసే జక్కయ్య అన్నడని లూకా రాసిండు. నేను ఒక్కంతే ఇచ్చిన, అది గూడ "మరిసిన" అని అబద్ధమాడి. అయినా పక్క కాంటాయన తెల్లారే వచ్చిండు, రేటు ఖరాబు చేస్తున్నవని. ఆయన గోడకు వేరే దేవుని పటమున్నది. తరుగు మాత్రం అదే రెండు కిలోలు. ఈ ఒక్క విషయంల మా రోడ్డు మీద మతాల పంచాయితీ లేదు.

నిన్ను గోడకెల్లి పీకిన. టేపుతోని సున్నం గూడ ఊడొచ్చింది, ఇప్పుడు ఆడ చదరంగ ఒక మచ్చ ఉన్నది. నువ్వు సొరుగుల, మా నాయన కాలం నాటి ఇనుప గుండ్ల పక్కన ఉన్నవ్. చీకటి ఉంటది, గని తోడున్నది. ఆ గుండ్ల గురించి సామెతల్ల ఒక వాక్యమున్నది: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." వాటిని అడుగు, చెప్తయి.

ఈ పదిహేను రోజుల్ల తరుగు తియ్యని రోజులు తొమ్మిది. తీసిన రోజులు లెక్కపెట్టకు. రేపు పొద్దుగాల ఆరింటికే ట్రాలీలొస్తయి.

ఇట్లు,
తలకాయ ఉద్యోగం నుంచి దిగుతున్న
ఒక కాంటావాడు

తా.క. 31 రాత్రి మీ కొత్త బ్యాచి వస్తది. వాళ్లల్ల నీకు తెలిసినోళ్లుంటే ఒక పని చేసిపెట్టు. "లోకములో మీకు శ్రమ కలుగును" అని యేసే చెప్పిండు, అది గూడ వాగ్దానమే. దాన్నొకటి, దొంగత్రాసుదొకటి అచ్చేపిచ్చి, మంచి జలపాతం పెట్టిచ్చి, దస్తీ కింద కలిపి పెట్టమను. ఎవలకు వస్తే వాళ్లకు. నా చేతికే వస్తే మాత్రం, ఆ స్లాబు అక్క లెక్క నేను గూడ ఒకసారి అటు ఇటు చూస్త, ముందే చెప్తున్న.