ఛాన్సలర్‌కు ఇంకెవరు జీతమిస్తున్నారు?

అమెరికాలో యూనివర్సిటీ అధిపతుల జీతాల మీద ఏటా కొంత గగ్గోలు పుట్టి, నాలుగు రోజుల్లో సద్దుమణుగుతుంది. వేలాది ఉద్యోగులున్న సంస్థను నడిపే వ్యక్తికి ఎంత ఇవ్వాలన్నది చర్చించవలసిన విషయమే గాని, ఆ వ్యక్తికి ఇంకెవరు జీతమిస్తున్నారన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

2016లో కాలిఫోర్నియా ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లలో ఒకటైన యూసీ డేవిస్‌కు ఛాన్సలర్, అంటే ఆ క్యాంపస్ అధిపతి, అయిన లిండా కటేహి అప్పటికి ఏడాదికి 4.24 లక్షల డాలర్ల జీతం తీసుకుంటూనే, లాభాపేక్షతో కళాశాలలు నడిపే డెవ్రై గ్రూప్ డైరెక్టర్ల బోర్డులో చేరారు. ఉద్యోగం వెతుక్కున్న తమ పట్టభద్రుల్లో 90 శాతం మందికి ఆరు నెలల్లోనే సొంత రంగంలో కొలువు దొరికిందన్న ప్రకటనలు మోసపూరితమంటూ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ డెవ్రై మీద కేసు వేసింది ఆ జనవరిలోనే. పైగా యూసీ క్యాంపస్‌లన్నింటికీ పైనున్న అధ్యక్షురాలు జానెట్ నపాలిటానో అనుమతి ముందే తీసుకోవాలన్న నిబంధనను కూడా కటేహి పాటించలేదు. విమర్శలు చెలరేగడంతో ఆమె త్వరలోనే ఆ బోర్డు పదవి వదులుకున్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం దానికి ముందు సంగతి. 2012 నుంచి 2014 దాకా ఆమె పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ జాన్ వైలీ బోర్డులో ఉండి, నగదు, షేర్ల రూపంలో మొత్తం 4.2 లక్షల డాలర్లు పొందారు. సరిగ్గా ఆ కాలంలోనే, ఆమె క్యాంపస్‌లోని రసాయనశాస్త్ర విభాగంలో 2008లో మొదలైన కెమ్‌వికీ, పాఠ్యపుస్తకం కొనే అవసరమే లేకుండా పాఠాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందిస్తూ ఎదుగుతోంది. నేడు లిబ్రెటెక్స్ట్స్‌గా పేరుపొందినది అదే. ఏ పుస్తకం పెట్టాలో నిర్ణయించేది ప్రొఫెసర్లే తప్ప ఛాన్సలర్ కాదని ఆమె పక్షాన వాదించవచ్చు, అది నిజం కూడా. ఆ ప్రాజెక్టుకు ఆమె అడ్డుపడ్డారని నేను అనడం లేదు. అయితే నిధులు ఎటు మళ్లాలో, ఏ ప్రయత్నానికి క్యాంపస్ అండ దొరకాలో తేల్చే కుర్చీలో కూర్చున్నవారు ఆ ప్రయత్నం వల్ల నష్టపోగల కంపెనీ షేర్లను దగ్గర పెట్టుకున్నప్పుడు, ఆమె ఎంత నిజాయతీగా నిర్ణయించినా దాన్ని నిరూపించుకునే దారి ఉండదు. విరుద్ధ ప్రయోజనాల విషయంలో అసలు హాని ఇదే.

వైలీ షేర్లలో 2 లక్షల డాలర్ల విలువైనవి విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఇస్తానని ఆమె తర్వాత ప్రకటించారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి. ఇతర ఆరోపణలూ తోడై విచారణ జరగగా, 2016 ఆగస్టులో ఆమె ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు. యూసీ పాలకమండలి సభ్యులైన రీజెంట్లు అనుమతి నిబంధనలను బిగించి, జీతమిచ్చే బయటి బోర్డుల పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించారు. ఇక్కడ లెక్క ఎందుకో నాకు బోధపడదు. తన విద్యార్థులకు పుస్తకాలు అమ్మే కంపెనీ అయితే ఒక్క బోర్డు కూడా ఎక్కువే. ఏ సంబంధమూ లేని కంపెనీ అయితే మిగిలేది సమయం ప్రశ్న ఒక్కటే.

ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇది ఇంకా కంటికి కనబడదు. లాభాపేక్ష లేని సంస్థలు, అమెరికాలోని మన తెలుగు సంఘాలు సహా, ఏటా పన్ను శాఖకు దాఖలు చేసే ఫారం 990లో (దాన్ని మన సభ్యులెందరు తెరిచి చూశారో వేరే కథ) అధ్యక్షుడికి ఆ సంస్థ, దాని అనుబంధ సంస్థలు ఇచ్చినదే సాధారణంగా కనిపిస్తుంది. సంబంధం లేని కంపెనీ బోర్డు ఇచ్చిన సొమ్ము కావాలంటే ఆ కంపెనీ వాటాదారులకు పంపే ప్రాక్సీ పత్రంలో వెతకాలి, అదీ అది లిస్టెడ్ కంపెనీ అయితేనే. ఫీజు కట్టే తల్లిదండ్రుల్లో అంత ఓపిక ఎవరికుంటుంది?

అందుకే ఒక నియమం చాలునని నా వాదన: బయటి బోర్డులో చేరదలచిన అధిపతి ముందుగా బహిరంగంగా అనుమతి పొందాలి, ఆ బోర్డు ఇచ్చే డబ్బు, షేర్లు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే చేరాలి. పరిశ్రమతో పరిచయం క్యాంపస్‌కు మేలు చేస్తుందనే వారికి ఇందులో పోయేదేమీ లేదు. ఆ పరిచయం ఎలాగూ దక్కుతుంది, దానితోపాటు సొమ్మూ క్యాంపస్‌కే వస్తుంది.