ప్రైమరీ తలుపులు తెరిస్తే మధ్యేవాదులు గెలుస్తారా?

మన దగ్గర బీ-ఫారం అధిష్ఠానం ఇస్తుంది. అమెరికా కాంగ్రెస్ ఎన్నికల్లో ఆ పని ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ముందస్తు ఎన్నిక) ఓటర్లది. అందుకే ఈ మాట అంతగా షేర్ అవుతోంది: "పార్టీవాళ్లే ఓటేసే క్లోజ్డ్ ప్రైమరీల వల్లే అతివాదులు నెగ్గుతున్నారు. అందరికీ తెరిస్తే మధ్యేవాదులు గెలుస్తారు. కాలిఫోర్నియాయే రుజువు." పీజీ థీసిస్‌లకు కూడా ఇదే మొదటి వాక్యమైపోతోంది.

"క్లోజ్డ్ వల్లే" అన్నది నిలవదు. 2014లో హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) మెజారిటీ నేత, రిపబ్లికన్ ఎరిక్ కాంటర్‌ను ఆయనకంటే కుడివైపున్న డేవ్ బ్రాట్ ఓడించింది వర్జీనియాలో. అక్కడ ఓటరు నమోదులో పార్టీ ప్రస్తావనే ఉండదు, కాబట్టి ప్రైమరీ పార్టీవాళ్లకే పరిమితం కాదు. 2021లో సొంత పార్టీ అధ్యక్షుడు ట్రంప్ అభిశంసనకు ఓటేసిన రిపబ్లికన్లు టామ్ రైస్, పీటర్ మైయర్ 2022 ప్రైమరీల్లో ఓడింది దక్షిణ కరోలినా, మిషిగన్‌లలో. రెండూ ఓపెన్ రాష్ట్రాలే.

కారణం సాదా. ఓపెన్ ప్రైమరీలో ఓటరు ఏదో ఒక పార్టీ బ్యాలెట్టే తీసుకోవాలి. అవతలి పార్టీకి ఓటేస్తే సొంత పార్టీ అభ్యర్థి ఎంపికలో మాట పోతుంది. ఆ బేరానికి చాలామంది రారు.

ఇక కాలిఫోర్నియా. 2010లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 14తో, 2012 నుంచి అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్‌లో ఉంటారు. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లు ఏ పార్టీవాళ్లయినా నవంబరు తుది ఎన్నికకు వెళ్తారు. దీన్నే టాప్-టూ అంటారు. ఆ మొదటి ఏడాదే 31వ నియోజకవర్గంలో ఏమైందో చూడండి. బరిలో ఇద్దరు రిపబ్లికన్లు, నలుగురు డెమోక్రాట్లు. గ్యారీ మిల్లర్‌కు సుమారు 27 శాతం, బాబ్ డటన్‌కు 25. డెమోక్రాట్ పీట్ అగిలార్ 23 దగ్గర ఆగిపోయాడు. మిగతా ముగ్గురు చీల్చిన ఓట్లలో కొన్ని పడినా ఆయన దాటేవాడు. నవంబరులో ఒబామా నెగ్గిన ఆ చోట, కాంగ్రెస్ సీటుకు డెమోక్రాట్ పేరే లేదు. ఇక్కడ ఫలితం తేల్చింది మధ్యేవాదం కాదు, ఎవరి వైపు ఎంతమంది నిలబడ్డారన్న లెక్క.

పైగా అదే 2012లో పౌర కమిషన్ గీసిన కొత్త సరిహద్దులూ అమల్లోకొచ్చాయి. రెండు మార్పులు ఒకేసారి జరిగాక, 2010తో పోల్చి తేడా అంతా ప్రైమరీ ఖాతాలో వేయడం కుదరదు. ఆ ఎన్నికల ముందు ఆలర్, సిట్రిన్, లెంజ్ అనే పరిశోధకులు ఓటర్లకు పాత, కొత్త బ్యాలెట్లను లాటరీ పద్ధతిలో ఇచ్చి చూశారు. కొత్త బ్యాలెట్‌తో మధ్యేవాదులకు లాభం కలగలేదు. ఎవరు మధ్యేవాదో, ఎవరు అతివాదో ఓటర్లకు తెలియకపోవడమే అసలు చిక్కు.

తెరిస్తే మధ్యేవాదులు గెలుస్తారన్న వాదనకు పనికొచ్చే సాక్ష్యం ఒకటుంది, దాచకూడదు. అభిశంసనకు ఓటేసి 2022లో మళ్లీ నెగ్గిన ఇద్దరూ, వాలడేయో (కాలిఫోర్నియా), న్యూహౌస్ (వాషింగ్టన్ రాష్ట్రం), టాప్-టూ రాష్ట్రాలవాళ్లే. కానీ న్యూహౌస్ గట్టెక్కింది పావువంతు ఓట్లతో, ప్రత్యర్థుల ఓట్లు చీలబట్టి. అదే వాషింగ్టన్‌లో, అదే పద్ధతిలో, అభిశంసనకు ఓటేసిన మరో రిపబ్లికన్ హెరెరా బ్యూట్లర్ మూడో స్థానంలో ఆగిపోయింది.

కాబట్టి థీసిస్ రాసేవారు రాష్ట్రాలను "ఓపెన్", "క్లోజ్డ్" అని రెండు గంపల్లో వేసి సగటు తీయొద్దు. ఒకే రాష్ట్రంలో నియమం మారిన ముందూ తర్వాతా చూడండి. ప్రతి సీటుకూ పార్టీల వారీగా అభ్యర్థుల సంఖ్యను వేరే గడిలో నమోదు చేయండి. సరిహద్దులు మారిన ఏడాదిని విడిగా గుర్తించండి.