పెయింట్ బకెట్ గారికి, సముద్రం ఎవరికీ ఓటేయలేదు

మహారాజశ్రీ పెయింట్ బకెట్ గారి సముఖమునకు,

శ్రీకాకుళం నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. కంప్యూటర్‌లో ఒక్క క్లిక్‌తో బొమ్మల గీతల మధ్య రంగు పోసే తమరి సేవలోనే ఆదివారం మధ్యాహ్నమంతా గడిచింది. కూర చల్లారింది, కునుకు పోయింది, మ్యాపు మాత్రం అవలేదు.

నేనేమైనా గొంతెమ్మ కోరిక కోరానా? ఉమ్మడి శ్రీకాకుళం 10, విజయనగరం 9, వెరసి 19 అసెంబ్లీ సీట్లు. 2019లో ఎవరెక్కడ గెలిచారో రంగులేసి, పక్కన 2024 పెట్టి, టీ కొట్టు దగ్గర తెగని వాదనకి తెర దించుదామనుకున్నాను. సాయంత్రానికి పంపుతానని మాటిచ్చాను కూడా. 2019లో వైసీపీ నీలం 17, తెలుగుదేశం పసుపు 2. ఆ రెండూ టెక్కలి, ఇచ్ఛాపురం. ఒకటో తరగతి పిల్లాడికి క్రేయాన్లిస్తే వేసి పడేస్తాడు.

టెక్కలి దాకా బానే నడిచింది. ఇచ్ఛాపురంలో క్లిక్ చేశాను. ఒడిశా పసుపు. ఛత్తీస్‌గఢ్ పసుపు. తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, ఆపైన బంగాళాఖాతం యావత్తూ పసుపే. రాష్ట్రం మొత్తమ్మీద 23 సీట్లతో సరిపెట్టుకున్న పార్టీకి తమరు ఐదు పొరుగు రాష్ట్రాలు, ఒక సముద్రం రాసిచ్చేశారు. ఫొటో చూసిన మా బావ అడిగాడు: "ఏటి బావా, సేపలు కూడా ఓట్లేసీసినాయేటి?"

తమరి వరస నాకు తెలియనిది కాదండీ. క్లిక్ పడిన చుక్క రంగు చూస్తారు, పక్క చుక్కదీ అదే రంగైతే అక్కడికి, దాని పక్కకి, గీత అడ్డొచ్చేదాకా పోతూనే ఉంటారు. గీతలో ఒక్క చుక్క తెగి ఉన్నా చాలు, ఊరవతలకి దారి దొరికినట్టే. ఆ సందు వెతకడానికి 800 శాతం జూమ్ పెట్టి బారువ నుంచి డొంకూరు దాకా తీరమంతా మౌస్‌తో నడిచాను. అంత దగ్గర్నుంచి అది తీరంలా ఉండదు, నలుపూ బూడిదా గళ్ళ మెట్లు. కళ్ళు నీళ్ళు కారాక తెలిసింది, సందు తీరంలో లేదు, ఒడిశా సరిహద్దు మీద ఉంది. ఒకే ఒక్క నల్ల గడి లేదు.

పెన్సిల్‌తో పూడ్చి మళ్ళీ పోశాను. ఈసారి లోపలే ఉన్నారు, కానీ గీత దాకా రాలేదు. సరిహద్దు పొడుగునా తెల్లటి పొక్కులు. ఆ ఖాళీ మ్యాపు ఎన్ని ఫోన్లు మారి నాదాకా వచ్చిందో, జేపెగ్గు ఫొటోలో గీత నలిగిపోయి చుట్టూ లేత బూడిద చేరింది. తమరికి తెలుపే కావాలి, బూడిద ముట్టుకోరు. సరే అని టాలరెన్స్, అంటే దగ్గరి రంగుల్ని కూడా కలుపుకుపోయే తమరి ఓపిక, పెంచాను. పెంచగానే టెక్కలి పసుపు సన్న గీత దూకి పలాసలో పడింది. గండి పడితే ఊళ్ళు ముంచుతారు, శివారుకి మాత్రం చుక్క చేరనివ్వరు. మా వంశధార కాలువ దగ్గర పాఠాలు చెప్పించుకున్నారా ఏమిటి?

ఊళ్ళ పేర్లలో సున్నాల సంగతి సరేసరి. పాతపట్నం, కురుపాం, పార్వతీపురం, ప్రతి సున్నా కడుపులో ఒక తెల్ల మచ్చ. గెలిచినవాడి రంగు మధ్యలో సున్నా పెట్టడమేం న్యాయమండీ!

మ్యాపు గీసినాయన గురించి ఒక్క ముక్క: జిల్లా గీతా, లోక్‌సభ గీతా ఒకే మందంలో గీశాడు. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లా, కానీ విజయనగరం లోక్‌సభ. శృంగవరపుకోట విజయనగరం జిల్లా, ఓటు మాత్రం విశాఖపట్నం ఎంపీకి. ఇది తెలియనివాడు మ్యాపు చూస్తే జుట్టు పీక్కోవాల్సిందే. పైగా 2019లో శ్రీకాకుళం లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీల్లో ఐదు నీలం, ఎంపీ సీటు పసుపు. అదే రోజు, అదే బూత్, అదే వేలు. టీ కొట్టు జనానికి ఈ రెండు మ్యాపులూ చూపిస్తే తప్పు నాదేనంటారు.

ఇంక మర్యాద నావల్ల కాదు. ఒరే బకెట్టూ, నువ్వుండగా ఎవడికీ శత్రువులక్కర్లేదురా. 2024 సులువనుకున్నాను, 19కి 19 కూటమివే కదా, ఒకటే రంగు పోసి లేచిపోదామనుకున్నాను. తీరా చూస్తే పాలకొండ, నెల్లిమర్ల జనసేన, ఎచ్చెర్ల బీజేపీ, మిగతా 16 తెలుగుదేశం. అంటే మూడు రంగులు, మూడు రకాల కారుడు. ప్రతి నియోజకవర్గం విడి ఆకారంగా ఉండే వెక్టర్ మ్యాపులున్నాయట. సీటు పేరు పట్టుకుని రంగు మార్చేయొచ్చట, పోయడమే ఉండదట. నేర్చుకుంటాను. నేర్చుకున్న రోజు నీ ముఖం చూడను.

బావ మళ్ళీ మెసేజ్ పెట్టాడు, "మ్యాపేది?" అని. ఎచ్చెర్లకి కాషాయం పోయాలి. రా. టాలరెన్స్ తగ్గించాను, గీతలన్నీ తడిమి చూశాను. ఈసారి హద్దు దాటావా, అన్‌డూ కాదు, అన్‌ఇన్‌స్టాలే.

ఇట్లు,
నీ ఖర్మకొద్దీ దొరికిన
శ్రీకాకుళం వాడు