నెల్లూరు నీతి వేరు, ఒంగోలు నీతి వేరు

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద, కిడ్నీ జబ్బుల మీద ఒక పరిశోధన అనుకోండి. రోగులు నెల్లూరులో కొందరు, ఒంగోలులో కొందరు. ప్రశ్నలు అవే, సమ్మతి ఫారం అదే. అలాంటప్పుడు, రోగులకు అన్యాయం జరగకుండా చూసి ఇచ్చే నైతిక అనుమతి, ఆసుపత్రికో కమిటీ కాకుండా ఒక్క కమిటీ ఇస్తే చాలదా అని కొందరు తొందరపాటు మనుషులు అడుగుతున్నారు. వాళ్లలో దేశంలో వైద్య పరిశోధనకు పెద్దదిక్కైన ఐసీఎంఆర్ కూడా ఉండటం విచారకరం. పలుచోట్ల జరిగే పరిశోధనకు ఉమ్మడి సమీక్ష పెట్టుకోవచ్చనీ, స్థానిక కమిటీలు సమ్మతి తీసుకునే తీరు, పని జరిగే తీరు చూసుకోవచ్చనీ 2017 మార్గదర్శకాల్లో రాసేసింది.

ఎంత మాట! మధ్యలో పాలేరు, మన్నేరు నదులు దాటాక నీతి నీతిలాగే ఉంటుందా? మందుల ట్రయల్స్‌కు పెట్టిన 2019 నిబంధనలు నయం. సొంత కమిటీ లేని ఆసుపత్రి ఇంకో కమిటీని ఆశ్రయించాలంటే అది అదే ఊళ్లోనో, 50 కిలోమీటర్ల లోపో ఉండాలి. ఆపైన సిగ్నల్ అందదు కాబోలు. అమెరికాలో వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2018 జనవరి నుంచి తన డబ్బుతో పలుచోట్ల జరిగే పరిశోధనలకు ఒకే నైతిక సమీక్ష బోర్డు అంది. వాళ్లకి పట్టింపులు తక్కువ, సర్దుకుపోతారు.

మన శ్రద్ధ చూడండి. ఫారంలో ‘5 మి.లీ. రక్తం తీస్తాం’ అని ఉంది. పల్లెటూరి మనిషికి మి.లీ. ఏం తెలుసు, ‘ఒక చెంచా’ అని రాయమంది మొదటి కమిటీ. రాశారు. రెండో కమిటీలో లాయరుగారు కళ్లజోడు పైకి తోసుకుని, “ఏ చెంచా? టీ చెంచానా, పులుసు గరిటా?” అన్నారు. మళ్లీ మి.లీ. అయింది. ఫారం మారింది కాబట్టి మళ్లీ మొదటి కమిటీకి. అక్కడేమో పెళ్లిళ్ల సీజన్, కోరానికి ఐదుగురు దొరకరు. మూడో కమిటీ ఇంకా లోతుకు దిగి, ఎడమ వైపు మార్జిన్ చాలదంది.

కమిటీలే వద్దని ఎవరూ అనరు. పరీక్షలకు ముందే కరోనా నాటు మందు కోసం జనం ఎగబడితే ఎలా ఉంటుందో 2021 మేలో కృష్ణపట్నంలో చూశాం.

ఇంతా చేసి, కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి దారి ఖర్చు ఇస్తారా, రిపోర్టు వచ్చాక ఎవరైనా కూర్చోబెట్టి చదివి చెబుతారా అన్నవి మూడు కమిటీల మినిట్స్‌లో ఎక్కడా లేవు. ఊరి కమిటీ చూడాల్సినవి అసలు అవే. కాకపోతే వాటికి పామూరు బస్సెక్కాలి, ఏసీ గదిలో తేలవు.