తాళం వెనకున్న రోటరీ ఎవాపరేటర్ గారికి

ద్రావణంలోంచి సాల్వెంటుని (కరిగించే ద్రవాన్ని) ఆవిరి చేసి వేరుచేసే యంత్రరాజము, మహారాజశ్రీ రోటరీ ఎవాపరేటర్ గారి దివ్యసముఖమునకు ఫైనలియర్ బీయస్సీ కెమిస్ట్రీ విద్యార్థులు నమస్కరించి రాసుకునేది ఏమనగా,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం, తమరు అక్కడ క్షేమమని తలుస్తాం. అక్కడ అంటే ఎక్కడో కాదండీ, మా ఆర్గానిక్ ల్యాబు గోడకి అవతలి గదే. తలుపుకున్న అద్దంలోంచి తమ దర్శనం రోజూ అవుతూనే ఉంది. ఒంటి మీద ప్లాస్టిక్ ముసుగు, ముసుగు మీద దుమ్ము, దుమ్ములో ఎవరో వేలితో గీసిన బెంజీన్ రింగు. తలుపు మీద ‘రీసెర్చ్ ల్యాబ్’ అని బోర్డు, బోర్డు కింద తాళం. సముద్రం దగ్గరి ఊరు కదా, ఈ ఉప్పు గాలికి మా బన్సెన్ బర్నర్లు, స్టాండ్లు, క్లాంపులు అన్నీ తుప్పు పట్టాయి. పట్టనిది ఆ తాళం ఒక్కటే.

తమరు మాకంటే ముందు వచ్చినవారు. సీనియర్లు చెప్పగా విన్నాం. ఏదో గ్రాంటు వచ్చిందట, మార్చి నెలాఖరులోగా ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోతుందన్నారట, ఆ హడావుడిలో తమరు దిగారట. పెట్టె విప్పిన రోజు కొబ్బరికాయ కొట్టి, కుంకుమ బొట్టు పెట్టి, ఫోటో తీసి, ముసుగేసి, తాళం వేశారట. మా గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి కూడా ఇంత భోగం లేదండీ. కనుమ దాటిందంటే చాలు, ‘బాబుగారికి సెలవు ఎప్పటిదాకా?’ అని మావగారు మెల్లగా ఆరా తీస్తారు. తమరిని ఆ మాట అడిగిన మగాడు ఈ డిపార్ట్‌మెంటులో లేడు.

తమరి వంశం సంగతి మాకు తెలియకపోలేదు. 1950లో లైమన్ క్రెయిగ్ అనే అమెరికా కెమిస్టు, ఆయన సహచరులు తమ మొదటి రూపాన్ని లోకానికి చూపించారు. 1957లో స్విట్జర్లాండులో బూఖీ కంపెనీ తమరిని అమ్మకానికి పెట్టింది. చేసే పని చాలా తెలివైన పని. ఫ్లాస్కు గిరగిరా తిరుగుతుంటే లోపలి ద్రావణం గోడలకి పల్చటి పొరగా పరుచుకుంటుంది. పైనుంచి గాలి లాగేస్తుంటే పీడనం తగ్గి, సాల్వెంటు తక్కువ వేడికే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి పక్క ఫ్లాస్కులో చుక్కలుగా దిగుతుంది. మామూలుగా 69 డిగ్రీలకి మరిగే హెక్సేన్ అనే సాల్వెంటుని 40 డిగ్రీల దగ్గరే మరిగించొచ్చు. సరుకు మాడదు, సాల్వెంటు వృథా కాదు, పీల్చేవాడికి తలనొప్పి రాదు. ఇదంతా మాకు ఎలా తెలుసంటే, వైవాలో తమ మీదే ప్రశ్నలు అడుగుతారు. బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటారు. మేం బాగానే గుర్తిస్తాం. అద్దంలోంచి కనపడని బటన్లు మాత్రం ఊహించి గీస్తాం.

2020 జాతీయ విద్యా విధానం వచ్చాక డిగ్రీలోనే రీసెర్చ్ అన్నారు కదండీ. అంతకుముందు మా ల్యాబు హాయిగా ఉండేది. ఎసిటనిలైడ్ చెయ్, 114 డిగ్రీల దగ్గర కరిగిందని రాయ్. ఆస్పిరిన్ చెయ్, ఫెర్రిక్ క్లోరైడ్‌కి ఊదా రంగు రాలేదని రాయ్. జవాబు ముందే తెలుసు కాబట్టి చేతికి వచ్చిన పొడి ఏదైనా సరిపోయేది. ఇప్పుడు ప్రాజెక్టు అన్నారు, కొత్తది ఏదైనా చెయ్యమన్నారు, లోకల్ మెటీరియల్ అయితే మార్కులు బాగుంటాయన్నారు. మేం బంతిపూలు పట్టుకున్నాం.

ఎందుకు బంతిపూలు అంటారేమో. కడియపులంక పూల మార్కెట్టుకి వెళ్ళినవాడెవడైనా చెప్తాడు, పండగ ముందు రోజు బంతికి ఉండే గిరాకీ వేరు, పండగ మర్నాడు మిగిలిపోయిన బుట్టల గతి వేరు. ఆ రేకుల్లో లుటీన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. మన కంట్లో చూపు నిలిచే చోట ఉన్న పసుపు మచ్చకి ఆ రంగునిచ్చేవాటిలో ఇదొకటి. కోడి దీన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, మేతలోంచే రావాలి. అందుకే గుడ్డు సొన రంగు ముదరాలని మేతలో బంతిపూల సారం కలపడం చాలా దేశాల్లో మామూలే. ఇటు కడియంలో పూలు, అటు అనపర్తిలో కోళ్ళఫారాలు, మధ్యలో మేం. ఇంతకంటే లోకల్ ఏం కావాలి?

లుటీన్‌తో చిక్కేమిటంటే దానికి తమలాగే సున్నితం ఎక్కువ. నలభై కార్బన్ల గొలుసులో వరసగా పది డబుల్ బాండ్లు. ఆ రంగు వాటివల్లే, ఆ బలహీనతా వాటివల్లే. వేడి పడదు, వెలుతురు పడదు, గాలి పడదు. రేకుల్ని ఎండలో పోస్తే రంగు పోతుంది, నీడలో పోస్తే ఈ డెల్టా చెమ్మకి బూజు పడుతుంది. హాస్టల్ గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాను కింద న్యూస్‌పేపర్ల మీద ఆరబెట్టాం. రూమ్మేట్లు మంచాలు వరండాలో వేసుకున్నారు. తర్వాత పొడి చేసి, హెక్సేన్‌లో నానబెట్టి వడకడితే, చూడ్డానికి రెండు కళ్ళు చాలని నారింజ రంగు ద్రావణం దిగిందండీ. అప్పటిదాకా మా బ్యాచ్‌లో ఎవరికీ కెమిస్ట్రీ అంత అందంగా ఉంటుందని తెలీదు.

అదిగో, అక్కడ పడింది తమతో అవసరం. అంత హెక్సేన్‌ని తీసేసి అడుగున ఉన్న సారం మిగుల్చుకోవాలి. తాళం అడిగాం, ‘చూద్దాం’ అన్నారు. మామూలు డిస్టిలేషన్ సెట్టు పెట్టాం. సగందాకా బాగానే దిగింది. చిక్కబడ్డాక ఫ్లాస్కు గోడలకి జిగటలా అంటుకుని, అంటుకున్నచోట గోధుమరంగుకి తిరగడం మొదలుపెట్టింది. సరే అని మిగతాది బీకరులో పోసి వాటర్ బాత్ మీద పెట్టాం. కిటికీలు తీశాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేద్దామంటే అందులో పావురం గూడు కట్టింది, గుడ్లున్నాయి, వేశారంటే ఊరుకోనని అటెండర్ బాబాయ్ ఆర్డరు. పోయిన హెక్సేన్ అంతా మా ముక్కుల్లోకే పోయింది. రోజూ అలా పీలిస్తే కాళ్ళూ చేతుల నరాలు దెబ్బతింటాయని పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం కూడా తమ గదిలోనే ఉందండీ, బీరువాలో.

మిగిలిన ముద్దని ఆల్కహాల్లో పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కాచి టీఎల్‌సీ (సిలికా పూసిన ప్లేటు మీద పదార్థాల్ని విడదీసి చూసే పరీక్ష) చూశాం. పూలల్లో లుటీన్ కొవ్వు ఆమ్లాలతో కట్టుబడి ఉంటుంది, అలా ఉన్నప్పుడు ప్లేటు మీద పైకి పరిగెడుతుంది. ఆ కట్టు విప్పితే హైడ్రాక్సిల్ గ్రూపులు బయటపడి సిలికాని పట్టుకుని కింద ఆగిపోతుంది. ఆగింది! నిజంగానే కింద ఆగింది. కానీ చుక్కలా కాదు, పొడుగాటి తోకలా. మాడినవన్నీ ఆ తోకలో ఉన్నాయని మా అనుమానం. తమరు ఒక్క గంట తిరిగి ఉంటే ఆ తోక అంత ఉండేది కాదు.

తాళం ఎప్పుడూ తియ్యరని కూడా అనలేం. ఆయుధపూజకి తీస్తారు. మొన్న దసరాకి తమ కండెన్సర్ మెడలో వేసిన దండ కిలో పైమాటే. బంతిపూల దండ! లుటీన్ తమ ఒంటి మీదే వేళ్ళాడుతోంది, లోపలికి పోయే దారి లేదు. దండం పెట్టుకుని ప్రసాదం తిని బయటికొచ్చాం.

ఇంకోసారి తీసేది తనిఖీ బృందం వచ్చినప్పుడు. అప్పుడు ముసుగు తీస్తారు, తుడుస్తారు, ఫ్లాస్కులో పొటాషియం పర్మాంగనేట్ కలిపిన గులాబీ నీళ్ళు పోసి తిప్పుతారు. ఆర్ట్స్ గ్రూపు కుర్రాడైనా సరే, పొడుగ్గా, తెల్లకోటు సరిపోయేవాణ్ణి పక్కన నిలబెడతారు. తమరు తిరుగుతూనే ఉంటారు, చుక్క కూడా దిగదు. దిగదు ఎందుకంటే తమకి వాక్యూమ్ పంపు లేదు. అసలు రాలేదు. గాజు సామాను ఒక గ్రాంటులో వచ్చింది, పంపూ చిల్లరూ వచ్చే ఆర్థిక సంవత్సరంలో అన్నారు. ఆ సంవత్సరం ఇంకా రాలేదు. వచ్చినవాళ్ళకి ఇది తెలియదనుకోకండి. వాళ్ళూ మాస్టార్లే, వాళ్ళ కాలేజీలోనూ తమ దాయాదులు ఉండే ఉంటారు. తల ఊపి, సంతకం పెట్టి, కాజాలు తిని వెళ్ళిపోతారు.

మా హెచ్ఓడీ మాస్టారి మీద చాడీలు చెప్తున్నామని అనుకోవద్దు. ఆయన పాఠం చెప్తే బోర్డు మీద ఎలక్ట్రాన్లు నడుచుకుంటూ వెళ్తాయి. ఆయనకి భయమల్లా స్టాక్ రిజిస్టరంటేనే. ఫ్లాస్కు పగిలితే రిజిస్టర్లో ఆయన పేరు ఎదురుగా పగులుతుంది. రిటైరయ్యేటప్పుడు ‘నో డ్యూస్’ సంతకం పడాలంటే వచ్చిన సామాను వచ్చినట్టు చూపించాలి. తమరు ఎన్ని ప్రయోగాలు చేశారని ఆ రిజిస్టర్లో గడి లేదు. ఉన్నారా, పగిలారా, అంతే. వాడితే పగిలే అవకాశం ఉంది, వాడకపోతే లేదు. ఆయన స్థానంలో ఎవరున్నా వేసేది తాళమే, ఆయ్.

ఒకరోజు గట్టిగా అడిగితే గోడ మీది ఫోటో చూపించారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో మన భీమవరంలో పుట్టారు, అమెరికా వెళ్ళారు, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో ఇచ్చారు, తర్వాత ఫోలిక్ యాసిడ్, మన డెల్టా వాళ్ళని తరతరాలుగా పీడించిన బోదకాలుకి మందు, అన్నీ ఆయన నడిపించిన పరిశోధనలోంచి వచ్చినవే. ‘ఆయన 1948లో పోయారు. ఈ మెషీను 1950లో పుట్టింది. దీని మొహం చూడకుండానే అన్ని సాధించారు. మీకేంటర్రా మెషీను లేకపోతే?’ అన్నారు మాస్టారు. లెక్క ఎక్కడా తప్పు లేదు. సుబ్బారావు గారికి ఇచ్చిన ల్యాబుకి తాళం ఉండేదా అని అడగాలనిపించింది గానీ, ఇంటర్నల్ మార్కులు ఇంకా వెయ్యలేదు.

తమ దగ్గరికి ఉత్త చేతులతో రామండీ. అన్నీ చూసుకున్నాం. హెక్సేన్‌కి గొప్ప వాక్యూమ్ అక్కర్లేదు, పీడనం మూడో వంతు దగ్గరికి దిగితే చాలు, కుళాయికి తగిలిస్తే నీళ్ళ ధారతోనే గాలి లాగే వాటర్ ఆస్పిరేటర్ సరిపోతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ పెడదామని ఒకడన్నాడు, హెక్సేన్ ఆవిరి అందులోకి పోతే అంటుకుంటుందని మేమే వద్దన్నాం. కండెన్సర్‌లోకి ట్యాంకు నీళ్ళు పనికిరావు. ఎండాకాలంలో ఆ నీళ్ళతో స్నానమే చెయ్యలేం, హెక్సేన్ ఏం చల్లబడుతుంది? పైగా కాలువలు కట్టేశాక కుళాయిలో ధార ఎంత ఉంటుందో తెలిసిందే, అందుకే కాలువ వదిలి ఉన్న రోజుల్లోనే అడుగుతున్నాం. ఐసు మార్కెట్ దగ్గరి ఐసు ఫ్యాక్టరీలో దొరుకుతుంది. సెకండియర్‌లో రంగు (డై) తయారీలో వచ్చే డయజోటైజేషన్ అనే మెట్టుకి సున్నా నుంచి అయిదు డిగ్రీలు కావాలంటే అక్కడి దిమ్మే గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టాం. డై ఎర్రగా వచ్చింది, ల్యాబంతా రొయ్యల వాసన వచ్చింది. అదే ఐసు బకెట్లో వేసి, ఎయిర్ కూలర్‌లో ఉండే చిన్న మోటారు దింపితే చల్లటి నీళ్ళు తమ చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. మోటారు మావాడు ఇంట్లో కూలర్లోంచి విప్పి తెచ్చేశాడు. వాళ్ళమ్మగారు వెతుకుతున్నారు.

రిపోర్టు దగ్గర వచ్చింది అసలు పేచీ. లైబ్రరీలో ఉన్న పాత ప్రాజెక్టు రిపోర్టులన్నీ తిరగేశాం. వేపాకు మీద చేసినా, పసుపు మీద చేసినా, కొబ్బరి పీచు మీద చేసినా, ప్రతి దాంట్లోనూ ఒక వాక్యం ఉంది: ‘రోటరీ ఎవాపరేటర్ సహాయంతో తక్కువ పీడనంలో సాల్వెంటును తొలగించడమైనది.’ అక్షరం మారలేదు. గదిలో ఒక్కసారీ పనికోసం తిరగకుండా కాగితాల మీద తమరు తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు. మేం మాత్రం ‘వాటర్ బాత్ మీద, కిటికీ తెరిచి, సారం రంగు మారింది’ అని రాశాం. గైడ్ మాస్టారు దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ‘రీరైట్’ అని పెట్టారు. బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి రంగు మారిందంటే బాగోదట. తోక వచ్చిన టీఎల్‌సీ ప్లేటు ఫోటో కూడా తీసెయ్యమన్నారు.

అందుకని విన్నపం ఏమిటంటే, ఒక్క మధ్యాహ్నం తమరు తిరగండి. కొత్త బుట్ట పూలకి చెప్పి ఉంచాం. పగిలితే కట్టడానికి తలా కొంత వేసుకుని డబ్బు కూడా పోగేశాం, అటెండర్ బాబాయ్ దగ్గర దాచాం. అప్పుడు ఆ పాత వాక్యమే మేమూ రాస్తాం, గైడ్ మాస్టారికి ఎర్ర పెన్ను ఖర్చు ఉండదు. తాళంచెవి స్టాఫ్‌రూమ్ బీరువాలో ఉందట. బీరువా తాళంచెవి హెచ్ఓడీ మాస్టారి జేబులో ఉంది. మాస్టారు ఎలక్షన్ డ్యూటీ ట్రైనింగుకి వెళ్ళారు. మా సబ్మిషన్ సోమవారం.

ఇట్లు,
తమ గోడకి ఇవతలి వాళ్ళు,
ఫైనలియర్ బీయస్సీ