నాగయ్య అర్ధరాత్రి మేళం

రాత్రి రెండుంబావు. మంచం పక్కన స్టూలు మీద ఫోను పెనం మీద పల్లీలా ఒకటే ఎగురుడు. మా ఆఫీసు రౌటర్లనీ సర్వర్లనీ కనిపెట్టుకుని ఉండి, ఏదైనా పోతే ఫోనుకి మెసేజ్ కొట్టడానికి నాగియోస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే, పెట్టి వారం కూడా కాలేదు, కాబట్టి తిట్లు తినాల్సిందీ నేనే.

ఆవిడ: ఏమండీ, ఎవరు పోయారు?

నేను: ఎవరూ పోలేదు, పడుకో. విజయవాడ బ్రాంచిలో రౌటర్ డౌనయింది.

ఆవిడ: ఒక్క రౌటర్‌కి ఇంత మేళమా? లెక్కపెడుతూనే ఉన్నా, 43 సార్లు మోగింది.

నేను: పోయింది ఒకటే. కానీ దాని వెనకాల స్విచ్చులు, సర్వర్లు, ప్రింటర్లు, కెమెరాల రికార్డరు, ఇవన్నీ ఉన్నాయా, రౌటర్ పోయాక ఇక్కణ్ణించి అవేవీ అందవు కదా, అందుకని ఒక్కోటీ విడివిడిగా పోయిందని చెబుతోంది.

ఆవిడ: మన వీధిలో కరెంటు పోతే మీరేమంటారు?

నేను: కరెంటు పోయిందంటాను.

ఆవిడ: ఫ్యాను పోయింది, ఫ్రిజ్ పోయింది, గీజర్ పోయింది అని వరసపెట్టి ఏడవరు కదా? ఆపాటి ఇంగితం మీ నాగయ్యకి లేదా?

నేను: నాగయ్య కాదే, నాగియోస్. 1999లో వచ్చినప్పుడు దాని పేరు నెట్‌సెయింట్. ఏదో ట్రేడ్‌మార్క్ తకరారు వచ్చి 2002లో మార్చారు.

ఆవిడ: పేరు మార్చినా జాతకం మారలేదన్నమాట. సరే, ఎవరి వెనకాల ఎవరున్నారో దానికి చెప్పే వీలుందా లేదా?

నేను: ఉంది. ప్రతి హోస్ట్ కింద, అంటే అది కనిపెట్టే ఒక్కో మెషీన్ కింద, పేరెంట్స్ అని ఒక లైను రాయాలి. అది రాస్తే తల్లి రౌటర్ పోయినప్పుడు పిల్లలన్నిటినీ 'డౌన్' అనకుండా 'అన్‌రీచబుల్' అంటుంది.

ఆవిడ: రాశారా?

నేను: ...

ఆవిడ: రాయలేదు. తల్లెవరో తండ్రెవరో చెప్పకుండా 42 మందిని రోడ్డు మీద వదిలేస్తే ఊరంతా అరవక ఏం చేస్తాయి? లేవండి. లేచినవారు లేచినట్టే ఆ బాత్రూం కుళాయి కూడా చూడండి, టప్పు టప్పుమంటూ అదొకటి.

నేను: చూస్తాలే.

లాప్‌టాప్ తెరిచి, నిద్రమత్తులో ఒక్కో పిల్లకీ తల్లిని వెతికి రాశాను. అదొక్కటీ చాలదు, నోటిఫికేషన్ ఆప్షన్స్‌లో డి అంటే డౌన్, యు అంటే అన్‌రీచబుల్, ఆర్ అంటే కోలుకుంది అని; ఆ యు తీసెయ్యకపోతే అప్పుడూ మోగుతుంది, కాకపోతే చచ్చిందనకుండా కనబడ్డంలేదని మోగుతుంది. తీసేశాను. రీస్టార్ట్ చేసేముందు తప్పులున్నాయేమో చూడమని అడిగితే 'థింగ్స్ లుక్ ఓకే' అంది.

ఆవిడ: అంటే?

నేను: బాగానే ఉన్నట్టుంది అని.

ఆవిడ: పెళ్ళిచూపుల్లో నన్ను చూసి మీ పిన్నిగారన్న మాట అదే. ఇంక పడుకుందామా?

నేను: ఒక్క పది నిమిషాలు. హెడ్డాఫీసులో కొత్త ఉబుంటు సర్వర్ ఒకటి ప్రాణం తీస్తోంది. పింగ్ చేస్తే పలుకుతుంది, ఎస్‌ఎన్‌ఎంపీతో అడిగితే టైమౌట్.

ఆవిడ: మనుషుల భాషలో చెప్పండి.

నేను: పింగ్ అంటే 'ఉన్నావా' అంటే 'ఉన్నా' అనడం. ఎస్‌ఎన్‌ఎంపీ అంటే మెమరీ ఎంత వాడావు, డిస్క్ ఎంత నిండింది, ఏ పోర్టులో ఎంత ట్రాఫిక్ పోయింది అని వివరాలు అడగడం.

ఆవిడ: ఉన్నారా అంటే ఊఁ అంటుంది, బియ్యం తెచ్చారా అంటే టైమౌట్. ఆ సర్వర్ నాకెప్పట్నించో తెలుసు.

నేను: (విననట్టు) కమ్యూనిటీ స్ట్రింగ్ అని పాస్‌వర్డ్ లాంటిది ఒకటుంటుంది. అది తప్పు చెప్తే తప్పు అని కూడా అనదు, అసలు నోరే విప్పదు. మెషీన్ పోయిందో, మాట తప్పిందో ఇవతలివాడికి తెలిసి చావదు.

ఆవిడ: మీ పెద్దత్తయ్యగారు. మొన్న పెళ్ళిలో అత్తయ్యగారూ అనాల్సింది పిన్నిగారూ అన్నానని ఇప్పటిదాకా నా ఫోనెత్తలేదు, ఎందుకో కూడా చెప్పలేదు. మీరేం పెట్టారు మరి?

నేను: ముందు అందరూ పెట్టే 'పబ్లిక్' ఉండేది, దారినపోయేవాడికి కూడా తెలుసది, అందుకని మార్చాను.

ఆవిడ: రెండువైపులా మార్చారా?

నేను: ఆ మాత్రం తెలీదా! ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నలు వెళ్ళే తలుపు, యూడీపీ 161, అది కూడా తెరిచాను.

తెలుసు అని గట్టిగా అన్నాను గానీ, అనుమానమొచ్చి ఆవిడ అటు తిరగ్గానే ఇంకోసారి చూసుకున్నాను. మార్చే ఉంది. సరే, అసలా సర్వర్ ఎక్కడ చెవి పెట్టి వింటోందో చూద్దామని చూస్తే అక్కడ దొరికింది: 127.0.0.1:161.

నేను: దొరికింది! 127.0.0.1 అంటే ఎవరికి వారే. ఉబుంటులో ఎస్‌ఎన్‌ఎంపీకి జవాబిచ్చే ఏజెంట్ ఇన్‌స్టాల్ చేయగానే ఆ మెషీన్ మాట మాత్రమే వినేలా ఉంటుంది. బయట ఎవరు పిలిచినా దాని చెవిన పడదు, తన ప్రశ్న తనే వేసుకుని తనే జవాబు చెప్పుకుంటుంది.

ఆవిడ ఏమీ అనలేదు. చూసింది అంతే. పదకొండేళ్ళ కాపురంలో ఆ చూపుకి డాక్యుమెంటేషన్ అక్కర్లేదు.

ఏజెంట్ అడ్రస్ లైనులో సర్వర్ అసలు ఐపీ రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి మళ్ళీ అడిగితే ఈసారి పలికింది. పేరు చెప్పింది, ఎంతసేపట్నించి మేలుకుని ఉందో చెప్పింది. డిస్క్ సంగతి అడిగితే మళ్ళీ ఏమీ లేదు. మొదట్లో 'సిస్టమ్ ఓన్లీ' అనే వ్యూ ఒకటి ఉంటుంది, పైపై వివరాలు తప్ప లోపలివి చూపించదు.

ఆవిడ: ఊరూ పేరూ చెప్పి జీతం దగ్గర నీళ్ళు నమిలే పెళ్ళికొడుకన్నమాట.

నేను: ఆ వ్యూ కాస్త పెద్దది చేస్తే అదీ చెబుతుంది. ఇదిగో, చెప్పేసింది. డిస్క్ 91 శాతం.

ఆవిడ: మంచిది. కుళాయి?

నేను: చూస్తాలే అన్నానా!

ఇంతలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఒక్కటే, పద్ధతిగా: విజయవాడ రౌటర్ ఇంకా డౌనే. అక్నాలెడ్జ్ నొక్కాను.

ఆవిడ: ఏం నొక్కారు? బాగయిందా?

నేను: ఎక్కడ! లింకు వాళ్ళు పొద్దున గానీ కదలరు. చూశాను, నేను చూసుకుంటా అని చెప్పడానికో బటన్ ఉంటుంది, అది నొక్కితే బాగయ్యేదాకా ఇంక మోగదు.

ఆవిడ: పని అవదు, గోల ఆగుతుంది.

నేను: అంతే.

ఆవిడ: పదకొండేళ్ళుగా మీరు నాకు నొక్కుతున్న బటన్ ఇదేనా? 'చూస్తాలే'?

దీనికి సమాధానం ఏ మాన్యువల్‌లోనూ లేదు. మాట మార్చడమే నయమనిపించి, అడక్కపోయినా మిగతా కాన్ఫిగరేషన్ కూడా చెప్పడం మొదలుపెట్టాను. అదే నేను చేసిన తప్పు.

నేను: ఒక్కసారి పలకనంతమాత్రాన గగ్గోలు పెట్టదు తెలుసా, మూడుసార్లు చూడమని పెట్టాను. మొదటి రెండూ సాఫ్ట్, మూడోసారీ పలక్కపోతే హార్డ్. అప్పుడే మెసేజ్.

ఆవిడ: ఆ మెసేజ్‌కీ మీరు కదలకపోతే?

నేను: ఎస్కలేషన్. నన్ను వదిలేసి పైవాళ్ళకి, అంటే మా మేనేజర్‌కి పోతుంది.

ఆవిడ: ఊఁ... (కాసేపాగి, మెల్లగా) ఏమండీ, కుళాయి.

నేను: చూస్తాలే, పడుకో.

గొడవ పెట్టకుండా అటు తిరిగి పడుకుంది. అంత తేలిగ్గా పడుకుందంటే నాకు అనుమానం రావాలి కదా, రాలేదు.

పొద్దున్న ఏడింటికి ఫోను. నాగయ్య కాదు, రాజమండ్రి నుంచి మా అమ్మ.

అమ్మ: ఒరేయ్, ఆ పిల్ల రాత్రి కుళాయి గురించి మూడుసార్లు చెప్పిందటగా? వాషర్ ముక్క మార్చడం కూడా రాదుట్రా నీకు? మీ నాన్న మేడ మీద ట్యాంకు దగ్గర్నించి అన్నీ తనే చేసుకునేవారు, నువ్వేమో...

నేను: చూస్తాలే అమ్మా.

ఆవిడ: (వంటింట్లోంచి) ఆ బటన్ అత్తయ్యగారికి పనిచేయదండీ!