టెక్సాస్ చలి: గ్యాస్ లెక్క మార్చేసిన కరెంటు హీటర్లు

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, గడ్డకట్టే చలిలో, టెక్సాస్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ నుంచి 59.3కు జారింది. వాడకానికి తగ్గ కరెంటు అందకపోతే ఈ అంకె ఇలా పడిపోతుంది. మరికొన్ని నిమిషాలు అలాగే కొనసాగితే రాష్ట్రంలో అధికభాగం అంధకారమయ్యేది. గ్రిడ్ నడిపే ఎర్కాట్ సంస్థ గత్యంతరం లేక 20,000 మెగావాట్ల కోత పెట్టింది. అధికారిక లెక్కల్లోనే 246 మంది మృతులు తేలారు.

గాలిమరలు గడ్డకట్టినందుకే ఇదంతా అని కొందరు నాయకులు వాదించారు. అవీ ఆగాయి, కాదనలేం. అంతకు మించిన దెబ్బ కరెంటు ప్లాంట్లను నడిపే గ్యాస్‌కు తగిలింది. బావులు గడ్డకట్టాయి. కోతల జాబితాలో గ్యాస్ సరఫరా కేంద్రాలు కూడా పడ్డాయి. కరెంటు లేక గ్యాస్ రాదు, గ్యాస్ లేక కరెంటు రాదు!

వాడకం వైపు మాత్రం ఎవరూ పెద్దగా చూడలేదు. అక్కడ పది ఇళ్లలో ఆరింటికి వెచ్చదనం కరెంటుతోనే. బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్‌పంపు ఉంటే మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి వస్తుంది. చలి ముదిరితే దాని శక్తి చాలదు. ఇంటి వేడిని నియంత్రించే థర్మోస్టాట్ మీద ‘ఆక్స్ హీట్’ (అదనపు వేడి) అని కనిపిస్తుంది, గీజర్‌లో లాగా కరెంటుతో నేరుగా కాలే లోపలి కాయిల్ అందుకుంటుంది. డాలస్, ఆస్టిన్‌లలోని మనవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఆ కాయిల్ పది కిలోవాట్లదైతే, మన గీజర్లు అయిదు ఒకేసారి వేసి వదిలేసినట్టే. చాలా ఇళ్లలో హీట్‌పంపు కూడా లేదు, మొదటినుంచీ కాయిలే.

ఇంధనం సంగతి చూద్దాం. మంచి గ్యాస్ ప్లాంటులో 100 యూనిట్ల గ్యాస్ మండిస్తే 50 దాకా కరెంటు వస్తుంది. లైన్ల నష్టం పోగా కాయిల్ ఇచ్చే వేడి 47. అదే గ్యాస్‌ను ఇంట్లోని ఫర్నేస్‌లో (ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ పొయ్యిలో) మండిస్తే 90. హీట్‌పంపు నడిపితే సుమారు 140. అంటే కరెంటు హీటింగ్ గ్యాస్‌ను ఆదా చేయనూ గలదు, రెట్టింపు తాగనూ గలదు. తాగేది కూడా సరిగ్గా గ్యాస్ దొరకని రాత్రే.

అదే ఏడాది ప్లాంట్లకు చలిరక్షణ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. 2023లో కొత్త గ్యాస్ ప్లాంట్లకు చౌక రుణాల నిధి పెట్టారు. మొదటిది అవసరమే. రెండోదానిపైనే నా అభ్యంతరం. కొత్త ప్లాంటుకైనా గ్యాస్ అవే బావుల నుంచి రావాలి కదా. ఆ సొమ్ములో కొంత పాత ఇళ్ల అటకలకు ఇన్సులేషన్ వేయడానికి, కాయిల్ హీటర్ల స్థానంలో గట్టి చలికీ ఆగే హీట్‌పంపులు పెట్టడానికి మళ్లిస్తే, చలి రాత్రుల్లో ఒక్కసారిగా ఎగబాకే వాడకమే దిగివస్తుంది. అద్దె ఇళ్లతో మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడ హీటరు ఎంచేది యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవారు.